చెంబు మీద పేరు

ఆ కబురు మొదట తెచ్చింది మా పక్కింటి ఖాదర్‌బీ. తాడిపత్రిలో వీధి వీధీ తిరిగి గాజులమ్మే మనిషి. ఆ పొద్దు నేను పెరట్లో తులసికి నీళ్లు పోస్తూ ఉంటే ఆసుపత్రి నుంచి పరుగున వచ్చి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి, "అక్కా, పార్వతి మింగింది! చెంచాడు నీళ్లు పోస్తే మింగింది, నా కళ్లతో నేను చూసినా!" అని అరిచింది. నా చేతిలో ఉన్న నీళ్లు తులసికి ఎన్ని పడ్డాయో, నా కాళ్ల మీద ఎన్ని పడ్డాయో తెలియదు.

పార్వతి నా చెల్లెలు. పక్షవాతం వచ్చాక కాలూ చెయ్యీ మెల్లగా కదిలాయి గాని గొంతు మాత్రం మూసుకుపోయింది. ముక్కులో వేసిన గొట్టంలోంచే ఆహారం. ఎవరైనా ఎదురుగా నీళ్లు తాగితే అటు తిరిగి పడుకునేది. ఆ దినాల్లోనే నేనొక మొక్కు మొక్కుకున్నాను. మంగళగిరి కొండ మీద పానకాల స్వామి ఉన్నాడు కదా. నోట్లో బెల్లం పానకం పోస్తే గుటకలు వేస్తూ తాగుతాడనీ, సగం తాగి సగం మనకే తిరిగి ఇచ్చేస్తాడనీ మా అమ్మ చెప్పేది. "స్వామీ, గుటక విలువ నీకు తెలుసు. నా చెల్లెలికి ఒక్క గుటక ఇయ్యి. అమ్మ చెంబు తీసుకొని వస్తాను. నువ్వు మిగిల్చిన సగం అందులో పట్టుకొని పోయి దాని నోట్లో పోస్తాను" అన్నాను.

ఆ చెంబు సంగతి చెప్పాలి. నేను బడికి పోలేదు. బడి వంక అవతల ఉండేది, వానాకాలం వంకలో నీళ్లు దాటనిచ్చేవి కావు. మా నాయనే వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి చదువు చెప్పాడు. తర్వాత పలక మీద నేను తప్పు లేకుండా రాసిన మొదటి మాట అమ్మ పేరు, అచ్చమ్మ. నాయన ఆ పలక అట్లాగే పట్టుకొనిపోయి, పాత్రల మీద పేర్లు కొట్టేవాడికి చూపించి, నా వంకర అక్షరాలను ఆ వంకరలతోనే ఇత్తడి చెంబు మీద కొట్టించుకొచ్చాడు. అమ్మకు చదువు రాదు. ఎంతమంది చెంబుల్లో కలిసినా బొటనవేలితో తడిమి "ఇది నాది" అని తీసుకునేది. అమ్మ పోయాక నాకూ పార్వతికీ ఉమ్మడిగా మిగిలింది అదొక్కటే.

అట్లా ఈ కార్తీకంలో, పార్వతిని ఖాదర్‌బీకి అప్పగించి, చెంబును చీర మడతల్లో పెట్టుకొని రైలెక్కాను.

కృష్ణ ఒడ్డున

మా సీమలో నీళ్లు కనబడితే ముందు "ఎన్నాళ్లు వస్తాయి?" అని అడుగుతాం. విజయవాడలో ఆ ప్రశ్న అడిగితే నవ్వుతారేమో. తెల్లవారుజామున ఘాట్ మెట్ల మీద నిలబడితే అంత నీరు ఊరికే పోతూ ఉంది, ఎవరికీ లెక్క చెప్పకుండా. మూడు మునకలు వేసి ఒడ్డుకు వచ్చి చూసుకుంటే వత్తులున్నాయి, నూనె ఉంది, అగ్గిపెట్టె మరిచిపోయాను. పక్కన దీపం వదలబోతున్న ఒకావిడ, నా మొహమైనా చూడకుండా, తన అరటిదొప్పను నా వైపు జరిపింది. "వెలిగించుకోండమ్మా. ఒకటి వెలిగిస్తే ఇంకోటి తరిగిపోదుగా." నా దీపం వెలిగాక తల ఊపి వెళ్లిపోయింది. ఆమెను మళ్లీ చూసినా గుర్తుపట్టలేను. ఈ యాత్రంతా ఎట్లా ఉండబోతుందో ఆ దొప్ప అప్పుడే చెప్పిందని ఇప్పుడనిపిస్తుంది.

అమ్మవారి దర్శనం చేసుకొని కిందికి దిగి టిఫిన్‌కు కూర్చున్నాను. మా వైపు పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇక్కడ ఇడ్లీ తెచ్చి, దాని మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి గరిటెతో వంచాడు. ప్లేటు నలభై రూపాయలంటే మా ఊర్లో ఇద్దరం తింటామే అనుకున్నాను గాని, తిన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఈ ఊరివాళ్ల 'అండీ' కూడా ఆ నెయ్యి లాంటిదే. ఆటో ఆయన అడ్డమొచ్చిన స్కూటరు మనిషిని తిడుతూ కూడా, "కళ్లు కనపడట్లేదాండీ మీకు?" అన్నాడు. మా ఊర్లో ఆ తిట్టుకు గౌరవవాచకం తగిలించరు.

కొండ మీద ఒక భుజం

మరునాడు మంగళగిరి. మెట్ల దారి మొదట్లోనే వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం మీద పడింది.

"అమ్మాయ్, నీ భుజం పట్టుకుని ఎక్కితే ఏమన్నా అనుకుంటావా? మోకాళ్లు మాట వినట్లేదు."

తిరిగి చూస్తే బక్కపలచటి పెద్దావిడ. నుదుటి నిండా విభూతి, చంకలో అచ్చం నా దానిలాంటి ఇత్తడి చెంబు. నాకే అరవై దగ్గర పడుతున్నాయి. నన్ను 'అమ్మాయ్' అని పిలిచేవాళ్లు అయిపోయి చాలా ఏళ్లయింది. ఆ ఒక్క పిలుపుకే నా భుజం ఆమెకిచ్చేశాను.

ఆమె ప్రతి మెట్టునూ ముందు పాదంతో తడిమి ఆ తర్వాతే ఎక్కేది. పాపం మోకాళ్లు అనుకున్నాను. మాటలు మాత్రం ఎక్కడా తడుముకోలేదు. "ఈ స్వామి సగమే తాగి సగం ఇచ్చేస్తాడమ్మా, మర్యాదస్తుడు. మా ఆయనైతే మొత్తం తాగేసి చెంబు కూడా అమ్మేసేవాడు" అంటే, మా ముందు ఎక్కుతున్నవాళ్లు కూడా ఆగి నవ్వారు. పార్వతి సంగతి చెప్పాను. ఆమె నా భుజం మీద చెయ్యి కొంచెం నొక్కింది.

లోపల స్వామి నోరు తెరుచుకొని ఉన్నాడు. పూజారి శంఖంతో పానకం పోస్తుంటే గుట గుట మని శబ్దం వస్తూ వస్తూ, ఒకచోట ఆగిపోయింది. ఇంక చాలన్నట్టు. మిగిలింది అమ్మ చెంబులో పోశారు. ఆ గుటకలు వింటూ నేను ఏడ్చేశాను. ఆవిడే నా వీపు నిమిరింది. "ఏడవకు. ఈయన మింగాడుగా, ఈ పానకం మీ చెల్లెలూ మింగుతుంది." ఇంకో వింత, అంత బెల్లం ఒలికిన నేల మీద ఒక్క చీమ లేదు. మా ఇంట్లో పలుకు బెల్లం పడితే ఊరేగింపుగా వస్తాయి.

బయట మండపంలో కూర్చున్నాం. "కొంచెం నాది నీ చెంబులో, కొంచెం నీది నా చెంబులో పొయ్యి. ఒకరి మొక్కుకు ఒకరం సాక్ష్యం" అంది. అట్లాగే పోశాను. ఒలకకుండా రెండింటి మూతులకూ అరిటాకు ముక్క వేసి నారతో కట్టి, ఒకటి ఆవిడ చేతికి అందించాను. "నువ్వెళ్లు అమ్మాయ్. నేను కాసేపు కూర్చుని మెల్లగా దిగుతా" అంది. ఎవరో ఆటోలో చోటుందంటే నేను రోడ్డు దారిన దిగిపోయాను. ఆమె పేరైనా అడగలేదు. మా వైపు పేరూ ఊరూ అడిగాకే పక్కన కూర్చుంటాం. ఆ రోజు ఎందుకో, ఎప్పటినుంచో ఎరిగిన మనిషిని అడిగినట్టవుతుందని నోరు రాలేదు.

కొట్లో నా పేరు మారింది

పార్వతికి ఒక నేత చీర తీసుకుందామని కొట్లోకి పోయి, తెల్ల పరుపు మీద చెంబు పెట్టి కూర్చున్నాను.

"రండి సామ్రాజ్యం గారూ, మంచి నేత చూపిస్తాను" అన్నాడు కొట్టాయన.

నా వెనక ఎవరైనా వచ్చారేమోనని చూశాను. ఎవరూ లేరు.

"ఎవరిని పిలుస్తాండావు నాయనా?"

"మిమ్మల్నేనండీ. చెంబు మీద ఉందిగా, సామ్రాజ్యం, మోపిదేవి అని. మా బావమరిది వాళ్లదీ మోపిదేవే."

చెంబు తిప్పి చూశాను. గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి అక్షరాలు. అమ్మ పేరు లేదు. చీర సంగతి మరిచిపోయి లేచాను. కొండెక్కేసరికి తలుపులు వేసేశారు. సాయంత్రం పూట స్వామికి దేవతలు వచ్చి పానకం పోస్తారట, మనుషులకు పని లేదు. మండపం ఖాళీ. రోడ్డు దారంతా వెతికాను, పూలమ్మేవాళ్లను అడిగాను. బక్కపలచటి ముసలమ్మలు అక్కడ చాలామంది.

బసకు వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. నాకు రెండు దారులున్నాయి. ఈ పానకంతోనే రైలెక్కితే అది పులవకముందే పార్వతి నోట్లో పోయవచ్చు, కాని అమ్మ చెంబు పోయినట్టే. చెంబు వెతుక్కుంటూ మోపిదేవి పోతే పానకం పులిసిపోతుంది, మొక్కు ఆగిపోతుంది. ఖాదర్‌బీ ఫోన్‌ను పార్వతి చెవి దగ్గర పెట్టింది. దానికి మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. ఒక్కో మాటా కూడబలుక్కొని అంది.

"పానకం... ఎవరికన్నా పొయ్యి. అమ్మను... ఆడ ఇడ్సిపెట్టి రావద్దు."

బస్సులో పానకం

తెల్లారి మోపిదేవి మీదుగా పోయే అవనిగడ్డ బస్సెక్కాను. ఉయ్యూరు దగ్గర చెరుకు వాసన కిటికీలోంచి వచ్చి మొహానికి అంటుకుంది. పామర్రు దాటాక రోడ్డు పక్కన కాలవ, కాలవ పక్కన చేను, చేను పక్కన మళ్లీ కాలవ. వరి కంకి బరువుకు తల వంచింది. మా నాయన బతికుంటే బస్సు దిగి ఆ గట్టు మీద కూర్చొని కదిలేవాడు కాదు.

పానకం పారబోయడానికి చేతులు రాలేదు. పక్క సీటామెను అడిగాను, "స్వామి పానకం, కొంచెం తీసుకుంటారామ్మా?" అని. ఆమె దోసిలి పట్టింది. వెనక సీటు నుంచి ఇంకో దోసిలి వచ్చింది. కాసేపటికి కుదుపుల్లో నిలదొక్కుకుంటూ నేను బస్సంతా తిరిగి పోస్తున్నాను. కండక్టరమ్మ వచ్చి, "బస్సులో టిక్కెట్లు ఇచ్చేది నేను, ప్రసాదం ఇచ్చేది మీరా?" అని కసిరి, టిక్కెట్ మిషన్ చంకలో పెట్టుకుని దోసిలి పట్టింది. తాగి, చెయ్యి తలకు రాసుకుని, "ఎక్కడ దిగాలి మీరు?" అంది.

"మోపిదేవిలో. సామ్రాజ్యం గారింటికి."

"ఏ సామ్రాజ్యమండీ? ఆ ఊళ్లో నాకు తెలిసే ముగ్గురున్నారు. టీచరు సామ్రాజ్యం, పాల సామ్రాజ్యం, గేటు సామ్రాజ్యం."

"నిన్న మంగళగిరి పోయిన సామ్రాజ్యం."

ఇక బస్సు బస్సంతా వెతకడం మొదలుపెట్టింది. టీచరు గారు హైదరాబాదులో ఉన్నారు, ఆమె కాదు. పాల ఆవిడ గేదె ఈనింది, కదలదు. అయితే గేటు సామ్రాజ్యమే అని తీర్మానించి, నన్ను ఆ ఇంటి ముందే దింపారు. పానకం పోసిన పుణ్యానికి బస్సు స్టాపు కాని చోట ఆగింది.

గేటు సామ్రాజ్యం

పెద్ద ఇనప గేటు. తీసింది ఎత్తుగా, నిండుగా ఉన్న ఒకావిడ, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని. కొండ మీద నా భుజం పట్టుకున్న మనిషి కాదు. చెంబు చూపించి జరిగింది చెప్పాను.

ఆవిడ చెంబును అటూ ఇటూ తిప్పింది. "ఇది నాదేనండీ. కానీ నాది కాదు. నా స్నేహితురాలు రాఘవమ్మ ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి నేను చదివించాను."

చదివించిన పాత్ర మీద ఇచ్చినవాళ్ల పేరు ఉంటుందని నాకు తెలియక కాదు. మా అటక మీద సగం పాత్రలకు మేనమామల పేర్లే. అమ్మ చెంబు మీద అమ్మ పేరే చూసి చూసి, ఆ ఆలోచనే తట్టలేదు.

"అదొక్కతే మంగళగిరి వెళ్లిందా? నాతో మాట మాత్రం అనకుండా? దాని సంగతి చెప్తా పదండి, నేనూ వస్తాను" అని లేచి, మళ్లీ కూర్చుంది. "అన్నం తిన్నాకే. తినకుండా నా గేటు దాటినవాళ్లు లేరు." ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. మా వైపూ బలవంతపెడతారు, కాని ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే ఆగుతారు. ఈవిడ చేతి మీదే వడ్డించింది.

అరుగు మీద

రాఘవమ్మ గారిది కృష్ణ కరకట్ట పక్కన ఒక చిన్న లంక ఊరు. ఆటోలో పోతూ సామ్రాజ్యం గారు చెప్పారు, ఇద్దరూ చిన్నప్పుడు ఒకే చేలో కలుపు తీసినవాళ్లట. రాఘవమ్మ గారు ఇంటి అరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతుందట.

మేం వెళ్లేసరికి సాయంత్రం ఇడ్లీ వాయి పొయ్యి మీద ఉంది. నేను "అమ్మా" అన్నానో లేదో, ఆమె మొహం విచ్చుకుంది. "అమ్మాయ్! వచ్చావా!" అని చేతులు చాపింది. లోపలికి పోయి దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డలో చుట్టిన చెంబు తెచ్చింది. నా వంకర అక్షరాలు. గుడ్డతో సహా గుండెలకు పెట్టుకున్నాను.

"మండపంలోనే తెలిసిందమ్మా, నువ్వలా వెళ్లాక. బొటనవేలికి వేరే పేరు తగిలింది. నాదాని మీద అక్షరాలు గుండ్రం. ఒకాయనతో చదివించుకుంటే అచ్చమ్మ అన్నాడు. ఏ ఊరి అచ్చమ్మ? ఊరు వేయించలేదుగా మీ వాళ్లు. నువ్వు మెట్లే దిగుతావనుకుని కింద మెట్టు మీద కూర్చున్నా. దీపాలు పెట్టేదాకా కూర్చున్నా. పానకం పులుస్తుందని దారిన పోయేవాళ్లకి పోసేశా, తిట్టుకోకు."

నేను రోడ్డు దారిలో వెతుకుతుంటే, ఆమె మెట్ల దారిలో కూర్చుని ఉంది.

సామ్రాజ్యం గారు అంతసేపూ గుమ్మం దగ్గర నోరెత్తలేదు. ఇప్పుడు మెల్లగా అన్నారు. "బొటనవేలేంటే? కళ్లేమయ్యాయి?"

రాఘవమ్మ గారు ఉలిక్కిపడ్డారు. "నువ్వూ వచ్చావా? కళ్లకేం, బానే ఉన్నాయి."

"నేను ఏ రంగు చీర కట్టుకున్నా?"

"నువ్వెప్పుడూ కట్టే పచ్చదేగా."

సామ్రాజ్యం గారిది వంకాయరంగు చీర. ఆవిడ వచ్చి అరుగు మీద పక్కన కూర్చున్నారు. అప్పుడు నాకు కొండ మెట్లు గుర్తొచ్చాయి. మోకాళ్లు కాదు.

"ఎన్నాళ్లనుంచే? ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే? ఊరంతా తెలిసిపోదూ? కళ్లు కనపడనిదాని చేతి ఇడ్లీ ఎవరు తింటారే? ఈ పొయ్యి ఆగితే నేనేం చెయ్యను?" ఆవిడ గొంతు మొదటిసారి తడబడింది. "ఆ స్వామికే చెప్పుకుందామని వెళ్లా."

సామ్రాజ్యం గారు ఇడ్లీ పాత్ర మూత తీసి, పొగలు కక్కుతున్న ఇడ్లీ ఒకటి వేళ్లు కాలుతున్నా తీసి, చట్నీ లేకుండా నోట్లో పెట్టుకున్నారు. నమిలి మింగి, "నేను తింటా" అన్నారు. "ఇంకోటి పెట్టు. రేపు పొద్దున మొదటి బస్సుకి విజయవాడ, కంటి ఆసుపత్రి. నోరెత్తావంటే నా చెంబు నాకిచ్చెయ్యి."

"ఇచ్చింది తిరిగి అడిగే మొహం చూడు!" అన్నారు రాఘవమ్మ గారు, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. నేనూ ఒక ఇడ్లీ తిన్నాను. ఏ నెయ్యీ లేదు. అంత మంచి ఇడ్లీ విజయవాడలోనూ తినలేదు.

మళ్లీ కొండకు

తెల్లారి ముగ్గురం ఒకే బస్సులో వచ్చాం. విజయవాడ బస్టాండులో విడిపోయే ముందు రాఘవమ్మ గారు అమ్మ చెంబు ఒకసారి అడిగి తీసుకుని, అక్షరాల మీద బొటనవేలు నిదానంగా నడిపి, "పోయిరా అచ్చమ్మా" అని నా చేతిలో పెట్టారు. వాళ్లు ఆసుపత్రికి, నేను మంగళగిరికి.

స్వామి మళ్లీ సగమే తాగాడు. ఈసారి ఎవరితోనూ పంచుకోలేదు, ఎక్కడా కింద పెట్టలేదు. రైల్లో ఒళ్లోనే పెట్టుకున్నాను. ఇంటికి చేరగానే ఖాదర్‌బీ పార్వతిని దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. చెంచాతో పోశాను. పార్వతి కళ్లు మూసుకొంది. తర్వాత దాని గొంతులో అదే శబ్దం. కొండ మీద విన్నదే. గుటక. ఖాదర్‌బీ "యా అల్లా" అంది, నేను "స్వామీ" అన్నాను, పార్వతి "ఇంకొంచెం" అంది.

దీపం వెలిగించుకోనిచ్చిన చెయ్యి, దోసిళ్లు పట్టిన బస్సు, బలవంతంగా వడ్డించిన గేటు ఇల్లు, వీళ్లందరికీ నేను ఋణపడి ఉన్నాను. చదివేవాళ్లను మాత్రం ఒక్కరి కోసమే అడుగుతున్నాను.

కంట్లో శుక్లాలు బాగా ముదిరాయనీ, అయినా ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని ఆశ ఉందనీ డాక్టరమ్మ చెప్పారట. కార్తీక దీపాలు పెట్టడం పూర్తయ్యాకే వస్తానని రాఘవమ్మ గారు పట్టుబట్టారని సామ్రాజ్యం గారు ఫోన్‌లో తిడుతూ చెప్పారు. అంతవరకూ తాను పొద్దున్నే వెళ్లి ఆ అరుగు మీద కూర్చుని అందరి ముందూ ఇడ్లీ తిని వస్తున్నారట. మీరిది చదివేసరికి కంటికి కట్టు ఉంటుందో, విప్పి ఉంటారో నాకు తెలియదు. మీ ఇంట్లో ఏ చెంబుతోనైనా నీళ్లు ఎత్తుకున్నప్పుడు, మొదటి గుక్కకు ముందు ఒక్కసారి ఆవిడను తలుచుకోండి. రాఘవమ్మ, కృష్ణ కరకట్ట పక్కన. ఎందుకంటే ఆవిడ పేరు ఏ చెంబు మీదా లేదు.